మా ఆయనకు గ్రైండర్ కొన్న సంగతి

నేను చెంబు ఇసిరి కొట్టింది నిజమే. ముందుగాల్నే ఒప్పుకుంటున్న. మా తమ్ముడు ఈ ముచ్చట ఎక్కడ చెప్పినా "మా అక్క మా బావను చెంబుతోని కొట్టింది" అని మొదలుపెడుతడు, ఇన్నోళ్లందరు నవ్వుతరు. ఎందుకు కొట్టినవే అని మాత్రం ఒక్కరు అడుగరు.

కోరుట్లల మా ఇంటెనుక రేకుల షెడ్డు ఉన్నది. అండ్ల మా ఆయన గేట్లు, కిటికీలకు జాలీలు చేస్తడు. గీ పని ఆయనకు పుట్టు పని కాదు. ఆయన సిరిసిల్లల సాంచాలు నడిపిన మనిషి. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మీసాలు రాకముందు కెల్లి గదే పని, మొన్నమొన్నటి దాక గదే పని. సాంచాలకు పని సన్నగిల్లినంక మా తమ్ముడు "ఊకె కూసునుడెందుకు బావా, కోరుట్లకు రా, ఇనుప పని నేను నేర్పుత" అన్నడు. వాడు దుబాయిల వెల్డింగు పని చేసి అచ్చినోడు, ఇక్కడ బస్టాండు దిక్కు వానికి షాపున్నది. గట్ల మేము మూటాముల్లె సదురుకొని మా అవ్వగారి ఊరికి అచ్చినం.

చేతి పని తెలిసినోనికి ఏ పనైనా తొందరగనే అబ్బుతది. కొలత, అతుకు, సాపు చేసుడు, అన్నీ మా ఆయన జల్దిగనే పట్టిండు. నా భయం పని గురించి కాదు, గ్రైండర్ గురించి. అది చేతిల పట్టుకునే మిషిను. ముందట పల్చటి చక్రం గిరగిర తిరిగి ఇనుమును కోస్తది. కోసేటప్పుడు దాని మోత ఇంటి ముందటి రోడ్డు దాక ఇనబడుతది. మా ఆయనకు మాత్రం ఇనబడది.

సాంచాలల్ల పనిచేసినోళ్లకు చెవులు పోవుడు సిరిసిల్లల పెద్ద ఇచ్చంత్రం కాదు. పెండ్లైన కొత్తల నేను సద్ది పట్టుకొని షెడ్డుకు పోతే, లోపట అడుగుపెట్టంగనే నెత్తి తిరిగేది. టకటక టకటక ఒక్కటే మోత. గంత మోతల మనుషులు ఎట్ల మాట్లాడుకుంటున్నరా అని చూస్తే, నోరు తెరుస్తున్నరు గని గొంతు రాదు. పెదవులు చూసి అర్థం చేసుకుంటరు, చెయ్యి ఊపి జవాబు చెప్తరు. రానురాను మా ఆయన ఇంట్ల గూడ గట్లనే అయిండు. నేను వంటింట్ల కెల్లి పిలిస్తే పలుకడు. ముందట నిలబడి మాట్లాడితే అన్నీ సమజైతయి. చెవికి మిషిను పెట్టుకుందాం రా అంటే "నాకేమైంది, నేనేమన్న ముసలోన్నా" అని కోపానికస్తడు. ఇనబడదన్న మాట ఆయన ముందట అనద్దు. అంటే ఆ పూట బువ్వ తినడు.

ఇగ చెంబు సంగతి. అప్పటికి మాకు సొంత గ్రైండర్ లేదు, మా ఆయన మా తమ్ముని దగ్గర అడిగి తెచ్చుకున్నడు. నేను షెడ్డుకు ఎదురుంగ జాలాట్ల, అంటే నీళ్లు పారే బండ కాడ, బోళ్లు తోముతున్న. ఆయన ఇనుప పట్టీ కోసుడు అయిపోంగనే బటన్ బంద్ చేసిండు. బంద్ చేసినా చక్రం ఎంటనే ఆగది గద, తిరుగుతనే ఉన్నది. ఆయన అరచెయ్యి సాపుకొని, మెల్లగ, ఏం కానట్టు, దాని మీదికి తీస్కపోతున్నడు.

నా పానం పైకి పైకే పొయింది. గా చెయ్యి ఎందుకు పోతున్నదో నాకు తెలుసు. సాంచ బంద్ చేసినంక పక్కన పెద్ద చక్రం ఇంకా తిరుగుతుంటది. దాని మీద అరచెయ్యి ఆనించి ఆపుతరు. పోగు తెగిన ప్రతిసారి గదే. ఒక్క పొద్దులనే ఎన్నిసార్లు చేస్తరో వాళ్లకే తెలువది. గా చెయ్యి మనసును అడిగి పోదు, దానంతటదే పోతది. గా సాంచ చక్రం నున్నటిది, ఇది ఇనుమును కోసేది. నేను "అయ్యో, చెయ్యీ!" అని మొత్తుకున్న. గోడవతలామె ఉరికచ్చింది గని ఆయన తిరిగి చూడలే. ఇగ ఏం చెయ్యాలె? చేతిల ఉన్న చెంబు ఇసిరిన. అది పోయి ఈపుల తాకింది.

ఆయన గిర్రున తిరిగి "పిచ్చి లేసిందా నీకు?" అన్నడు. నేను చక్రం దిక్కు చూపెట్టిన. చూసిండు. అప్పటికి అది ఆగవట్టింది. తన అరచెయ్యి తానే చూసుకున్నడు. పోయి గడప మీద కూసున్నడు.

మాపటికి మా తమ్ముడు అచ్చిండు. సంగతి ఇని ముందుగాల నవ్విండు, తరువాత నా మొఖం చూసి నవ్వు ఆపిండు. "బావకు సొంత మిషిను కొందాం. జగిత్యాలల నాకు తెలిసిన దుకాణమున్నది. పెద్దది తీసుకుంటే పని జల్ది అయితది" అన్నడు. చిన్నదైతే చేతిల ఇముడుతది. పెద్దది రొండు చేతులతోని పట్టినా గుంజుతదట, దాని చక్రం అన్నం తినే పళ్లెమంత ఉంటదట.

"నేను గూడ అస్త" అన్న.

"నువ్వెందుకక్కా? చీరె కొననీకె పోతున్నమా?"

"చీరె నచ్చకుంటే తెచ్చి వాపస్ ఇయ్యచ్చు. చెయ్యి పోతే ఏ దుకాణంల వాపస్ ఇస్తరు?" అన్న.

తెల్లారి బస్సెక్కినం. అన్నదమ్ములోలె వాళ్లిద్దరు ఒక సీట్ల, నేను ఎనుక సీట్ల. మేడిపల్లి దాటేదాక మా తమ్ముడు బావకు మిషిన్ల గురించి చెప్పుకుంటనే పోయిండు. మా ఆయన తల ఊపుతున్నడు. వాడేమో కిటికీ దిక్కు మొఖం పెట్టి చెప్తున్నడు. పెదవులు కనబడకపోతే ఈయనకు ఒక్క ముక్క అర్థం కాదని నాకెరుకే. అయినా ఊ కొడుతున్నడు. గట్ల ఊ కొట్టుడే నాకు భయం. ఇనబడలేదంటే మల్ల చెప్పచ్చు, ఇనబడ్డట్టు తల ఊపేటోనితోని ఏం చేస్తం? అవ్వ తోడు, ఎనుక కెల్లి ఒక్కటి మొట్టబుద్ధి అయింది.

దుకాణమాయన మంచోడే. టేబుల్ మీద మిషిన్లు వరుసగ పెట్టిండు. ఒక పెద్దది, రొండు చిన్నయి. ఒక్కొక్కటి కరెంటుకు పెట్టి చాలు చేసి "మోత ఇను అన్నా. ఎంత నున్నగున్నదో చూడు. మిషిను మంచిదో కాదో చెవికే తెలుస్తది" అంటున్నడు. మా ఆయన మిషిను దిక్కు చెవి పెట్టి, కండ్లు జర మూసి, మస్తు తెలిసినోని లెక్క "ఆఁ, బాగున్నది" అన్నడు. నాకు ఏడుపొస్తున్నది, కోపమొస్తున్నది. ఏది ముందుగాల అచ్చిందో చెప్పరాదు.

ఒక్కటి మాత్రం చూసిన. మోత అయిపోయినంక ఆయన మెల్లగ మిషిను ఈపు మీద అరచెయ్యి పెట్టి ఇంకోసారి చాలు చేయించిండు. మిషిను అదురుడు చేతితోని చూస్తున్నడు. ఒకదాన్ని పట్టుకొని "ఇది లోపట కొట్టుకుంటున్నది" అన్నడు. దుకాణమాయన చెవి పెట్టి ఇని, ఏమో నాకైతే ఏం తెలుస్తలేదన్నడు, అయినా తీసి పక్కకు పెట్టి డబ్బాల కెల్లి కొత్తది తెచ్చిండు.

"పెద్దది కట్టియ్యి" అన్నడు మా తమ్ముడు.

"ఆగు" అన్న నేను. "చేతిల కెల్లి జారి కిందపడితే ఏది ఆగుతది?"

దుకాణమాయన నవ్విండు. "అక్కా, నడిపేది నువ్వా, ఈ అన్ననా? బటన్ ఎనుకకు గుంజితే అన్నీ ఆగుతయి."

"గుంజకముందే జారితే?"

ఆయన నవ్వుడు ఆపి, చిన్నదాని పక్కకున్న బటన్ చూపెట్టిండు. దాన్ని ముందటికి నూకితే పట్టుకుంటది, మల్ల మనం గుంజేదాక మిషిను నడుస్తనే ఉంటది. "ఇదైతే కిందపడ్డా తిరుగుతది" అని ఒప్పుకున్నడు. ఇంకో చిన్నది చూపెట్టిండు. దాని కడుపు కింద పొడుగాటి పట్టీ ఉన్నది, పిడికిట్ల ఒత్తి పట్టినంత సేపే నడుస్తది. ఇడిసిపెడితే కరెంటు బంద్. "గని అక్కా, కరెంటు బందయినా చక్రం జరసేపు తిరుగుతది. అది నిలబడ్డదాక చెయ్యి పెట్టద్దు, కింద పెట్టద్దు." ఎంటనే ఆగేటియి గూడ ఉంటయట, గవి చెప్పి తెప్పియ్యాలెనట, ఎప్పుడస్తయో తెలువదట.

"గదే ఇయ్యి, పట్టీదే" అన్న.

మా తమ్ముడు మొఖం మాడ్చుకున్నడు. "గది తలకాయ నొప్పి అక్కా. పొద్దంత ఒత్తి పట్టుకుంటే వేళ్లు గుంజుతయి. దుబాయిల సైటు మీద మాకు గసొంటియే ఇస్తుండె. సూపర్‌వైజర్ అటు పోంగనే పట్టీకి టేపు చుట్టి పని చేస్తుంటిమి."

"టేపు చుడుతుంటివా?" అన్న. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. గా తెలివి బావకు గూడ నేర్పుతున్నవా?"

"అందరు గట్లనే చేస్తరక్కా. ఏం గాదు తియ్."

"అందరికి చెవులున్నయిరా! ఆయనకు ఇనబడది! మిషిను మూలిగితే తెలువది, నేను మొత్తుకుంటే తెలువది, ఆయనకు ఇనబడది!"

దుకాణంల అందరు మా దిక్కు తిరిగిన్రు. మొలలు జోకుతున్న పిలగాడు గూడ చెయ్యి ఆపి చూసిండు. నేను నాలిక కొరుక్కున్న. మా ఆయన అటు దిక్కు నిలబడి ఉన్నడు, నా గొంతు ఆయన దాక పోయి ఉండదు, బతికిపోయిన అనుకొని తల ఎత్తిన. ఆయన నా పెదవుల దిక్కే చూస్తున్నడు. ప్రతి మాట చదివిండు.

ఆయన పట్టీ ఉన్న మిషిను చేతిలకు తీసుకొని, ఒత్తి చూసి, ఇడిసి చూసి, "ఇది కట్టు" అన్నడు. చక్రం మీదుండే రేకు కప్పు గూడ బిగించి ఇమ్మన్నడు. మా తమ్ముడు "కప్పు అడ్డమస్తది బావా" అనబోయి నా దిక్కు చూసి ఊకున్నడు. అనుకున్నదే కొన్నం, నేను గెలిచిన. గని బస్సుల వాపస్ అచ్చేటప్పుడు మా ఆయన మిషిను డబ్బా ఒళ్లె పెట్టుకొని, నా మొఖం కనబడకుంట కిటికీ దిక్కు తిరిగి కూసున్నడు. నాతోని మాట్లాడద్దనుకుంటే ఆయన చేసేది గదే. మొఖం చూడకుంటే నా మాట ఇంక ఆయన దాక పోదు. గా దినం మాపటికి బువ్వ తినలే.

తెల్లారి మా తమ్ముడు అచ్చిండు, కొత్త మిషినుతోని మొదటి పని చేసుడు చూద్దామని. ఒక కిటికీ జాలీకి ఇనుప పట్టీలు కొయ్యాలె. ఆయన కండ్లకు అద్దాలు పెట్టుకున్నడు, అంగి చేతులు బిగించుకున్నడు. నేను షెడ్డు ముందట, రవ్వలు పడని పక్క నిలబడ్డ. చేతిల కొంగు ముద్ద చేసి పట్టుకున్న. లోపట దేవుళ్లందరికి పేరు పేరున మొక్కుతున్న.

పట్టీ ఒత్తిండు. మోత లేసింది. చక్రం ఇనుముకు తాకంగనే రవ్వలు ఎగిసినయి. ఆయన తల జర ఎత్తి నా దిక్కు చూసిండు. చూసి పట్టీ ఇడిసిండు. చక్రం ఆగేదాక మిషిను గట్లనే పట్టుకొని నిలబడ్డడు. మల్ల మొదలుపెట్టిండు. మల్ల చూసిండు, మల్ల ఇడిసిండు. సగం ఇనుప పట్టీ గూడ తెగలే.

"ఏంది బావా, ఎందుకు ఆపుతున్నవ్? మంచిగ కోస్తున్నది గద" అన్నడు మా తమ్ముడు.

ఆయన మల్ల ఒత్తిండు, మల్ల ఆపిండు. అద్దాలు తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టిండు. మా తమ్మునికి ఏదో ఫోనొచ్చి, "గీ మిషిను బావకు పడలే, నేను నిన్ననే చెప్పిన" అనుకుంట బండి మీద ఎల్లిపోయిండు. నేను లోపటికి పోదామని తిరిగిన.

"ఆగు" అన్నడు ఆయన. నిన్నటి కెల్లి నాతోని అదే మొదటి మాట. "నీ మొఖం చూసే ఆపుతున్న."

నాకు సమజు కాలే. ముందటికచ్చి నిలబడ్డ.

"సాంచాలల్ల నాకు చెవులు ఎప్పుడు పోయినయో నాకే తెలువదు" అన్నడు. "నా ముందట సాంచ నడిపేటోని మొఖం చూసుకుంట పనిచేసేది. నా సాంచ మోత మారితే వాని మొఖం మారేది. వాని కనుబొమ్మ లేస్తే నేను ఆపేది. వాడు మామూలుగుంటే నాది మంచిగ నడుస్తున్నట్టు. గట్లనే ఎల్లదీసిన. ఎవ్వనికి చెప్పలే. వానికి గూడ తెలువది."

ఇన్నేండ్లు పక్కన పండుకున్న మనిషి గీ ముచ్చట నాకు చెప్పలే.

"ఇక్కడ ఎదురుంగ నువ్వే ఉన్నవ్" అన్నడు. "మిషిను చాలు చేస్తే నీ మొఖం పానం పోయినట్టు పెడుతవ్. మంచిగ కోసినా గదే మొఖం, చక్రం ఇరుక్కున్నా గదే మొఖం. నాకు ఎట్ల తెలువాలె? చెంబు కొట్టిన నాడు గూడ, చెయ్యి సాపకముందు, నీ దిక్కు చూసిన. నీ మొఖం రోజున్నట్టే భయంతోని ఉన్నది."

గా మాట నాకు తాకినట్టు ఏదీ తాకలే. నేను భయపడుడే ఆయనకు కాపలా అనుకున్న ఇన్ని దినాలు. నా భయమే ఆయనకు అడ్డం నిలబడ్డదని తెలిసి, నిలబడ్డ కాడనే ఏడ్చిన. ఆయనకు ఏడుపు ఇనబడది గద, అందుకని చూసుకుంట నిలబడ్డడు.

"ఏడుపు అయిపోయినంక రా" అన్నడు. "నాకు నువ్వు కావాలె. నీకు చెవులున్నయి."

"నాకు మిషిను మోత ఏం తెలుసు?"

"జగిత్యాలల మిషిను మూలుగుతదని చెప్పినవ్ గద. గది తెలిస్తే చాలు."

మొఖం కడుక్కొని అచ్చిన. ఆయన అద్దాలు పెట్టుకున్నడు. నన్ను భుజం పట్టి, రవ్వలు రాని పక్క, ఆయన కంటి కొసకు కనబడేటట్టు నిలబెట్టిండు. నా కనుబొమ్మల నడుమ ముడతను బొటనవేలితోని సాపు చేసిండు. "గిట్లనే ఉంచు" అన్నడు.

పట్టీ ఒత్తిండు. మోత లేసింది. భయం లోపట గట్లనే ఉన్నది. మొఖం మాత్రం కదలనియ్యలే. పెదవులు వదులుగ పెట్టిన. కనుబొమ్మలు దించిన. రవ్వలు లేస్తున్నయి, మోత సన్నగ, ఒక్క తీరుగ పోతున్నది, గదే మంచి మోత అని నాకు నేనే చెప్పుకుంటున్న. ఆయన కంటి కొస ఒక్కసారి నా మీదికి అచ్చింది. నా మొఖం చూసింది. మల్ల ఇనుము మీదికి పోయింది. ఆయన భుజాలు వదులైనయి. ఇన్నేండ్లల్ల నన్ను గంతగనం నమ్మిండని నాకెన్నడు అనిపియ్యలే. గంత భయం గూడ నాకెన్నడు కాలే.

గోడవతలామె తల పైకి పెట్టి "ఏమే, నల్లా అచ్చింది, బిందెలు పెట్టుకో!" అని మొత్తుకున్నది. రొండు దినాలకొక్కసారి అచ్చే నీళ్లు. ఇంకోసారి మొత్తుకున్నది. నేను తల తిప్పలే.